సన్యాసమ్మ హస్తముద్ర

రుచిలేఖినికి తన చేతి వంట అప్పగించిన మనిషికి కొన్నేళ్ళలోనే నాలుక చచ్చిపోతుందని 2079 నాటి విశాఖపట్నంలో నమ్మనివారు లేరు. యంత్రం రుచిని నకలు చెయ్యదు, పీల్చేస్తుంది అని చదువుకున్నవాళ్ళు సైతం గొంతు తగ్గించి చెప్పుకునేవారు. ఇందుకు దాఖలాలూ చూపించేవారు. సముద్రం ఒడ్డున థాయ్ సూప్ వండే పెద్దమనిషి గరిటె దించేశాడు. సిరిపురంలో జపాను నూడుల్స్‌కి పేరుపడ్డ దంపతులు ఊరే విడిచిపోయారు. ఎవరి వంట ఇంటింటికీ చేరిందో, సరిగ్గా వారి చేతిలోనే అది చెడింది.

రుచిలేఖిని చూడ్డానికి సాదా పెట్టె. ఇడ్లీ కుక్కరుకన్నా కాస్త పెద్దది. పేరున్న వంటమనిషి చేతికి సెన్సర్లు అల్లిన పల్చటి తొడుగు వేసి నలభై రోజులు వండిస్తారు. చిటికెడు ఉప్పు అంటే ఎన్ని మిల్లీగ్రాములో, ఉల్లిపాయ ఏ రంగుకు తిరిగినప్పుడు గరిటె కదిలిందో, ఆవిరిలో ఏ అణువులు ఎప్పుడు లేచాయో, అన్నీ నమోదవుతాయి. ఆ నమోదుకే హస్తముద్ర అని పేరు. ఆపైన ఏ ఇంట్లోనైనా వంటకం పేరు చెప్పి, సరుకులు అరల్లో నింపితే చాలు, హోటల్లో తిన్న పులుసూ తాగిన టీ ఇంటి బల్లమీదికి వస్తాయి.

ఆ కొలతల విధానం రూపొందించినవారిలో డాక్టర్ మందాకిని ముఖ్యురాలు. పుకారు చెవిన పడ్డప్పుడల్లా ఆమె నవ్వి ఊరుకునేది. ఊళ్ళోని బర్మా క్యాంపు పేటలో సన్యాసమ్మ హోటలు మూతపడిందని తెలిసిన రోజున మాత్రం నవ్వలేకపోయింది. తొమ్మిదేళ్ళ కిందట సన్యాసమ్మ చేతికి తొడుగు వేసింది తనే.

సన్యాసమ్మ ముత్తాతలు రెండో ప్రపంచయుద్ధకాలంలో రంగూన్ నుంచి అడవుల్లో పడి నడిచి వచ్చినవాళ్ళు. వాళ్ళు తెచ్చుకోగలిగిన ఆస్తి ఒక్క ఖౌస్వే: కొబ్బరిపాల పులుసు, అందులో నూడుల్స్, వేయించిన శనగపిండి, ఎండురొయ్యల పొడి. దానికి తోడు చిక్కటి రంగూన్ టీ. నాలుగు తరాలుగా ఆ పొయ్యి ఆరలేదు.

మందాకిని వెళ్ళేసరికి సన్యాసమ్మ బల్ల దగ్గర కూర్చుని, అప్పట్లోనే కంపెనీవాళ్ళు కానుకగా ఇచ్చిన రుచిలేఖిని వండిన ఖౌస్వే తింటోంది. మనిషి సగమైపోయింది. పక్కనే ఆమె వండిన గిన్నె ముట్టకుండా ఉంది.

"నా చెయ్యి మీ పెట్టెలోకి ఎల్లిపోనాది, డాక్టరమ్మా. ఇచ్చుకున్నదాన్ని నానే, నిన్నేటీ అనను. మరి తిరిగొచ్చే దారేటైనా ఉందా?"

చేతిలో ఉండేవి కండరాలు, నరాలు, అవి పెట్టెలోకి పోవు పిన్నీ అని మందాకిని నచ్చజెప్పబోయింది.

"ఊరు ఊరంతా అబద్ధమాడతాదేటి? ముప్పయ్యేళ్ళ నుంచి వస్తన్నోళ్ళు గిన్నె పక్కకి తోసేసి ఏటన్నారో ఎరికా? మా ఇంట్లో బాగా వండతన్నావే సన్యాసమ్మా, ఇక్కడే ఏటైపోయింది నీకు, అన్నారు. నాను రుచి సూసినాను. ఆళ్ళ మాట నిజమే తల్లీ. ఒకటే నీసు."

సోమవారం మేస్త్రి వచ్చి పొయ్యి పీకేస్తాడని చెప్పింది. చెడిన చేత్తో పెద్దల వంట వండడం పాపమని ఆమె నిర్ణయం. మందాకిని ఆ సోమవారం దాకా గడువు అడిగి తీసుకుంది.

మొదట నాలుకను పరీక్షించింది. ఉప్పు, పులుపు, తీపి, చేదు, మాంసరసపు కమ్మదనం, ఒక్కొక్కటీ నీళ్ళలో పలచన చేస్తూ పోయింది. ప్రయోగశాలలోని కుర్రకారు ఉత్త నీళ్ళేనన్న గ్లాసులో సన్యాసమ్మ పులుపు పట్టేసింది. నాలుక నిక్షేపంగా ఉంది. అంటే చెడింది చెయ్యేనా?

సన్యాసమ్మ కొత్తగా వండిన పులుసు ఒక కప్పులో, మందాకిని తన ఇంటి రుచిలేఖిని వండినది మరో కప్పులో పోయించి, ఏది ఏదో తెలియకుండా ఆ హోటలుకు అలవాటైన నలుగురికి ఇచ్చింది. తానూ తాగింది. సన్యాసమ్మ చేతిది ఇదీ అని నలుగురూ ఒకే కప్పు చూపించారు. మందాకినీ అదే చూపించింది. కప్పుల అడుగున చీటీలు తిప్పి చూస్తే, అది యంత్రం వండినది. నలభై రోజులు ఆ పొయ్యి పక్కనే కూర్చుని తిన్న తన నాలుక కూడా తడబడింది. జీవితంలో మొదటిసారి, పుకారు నిజమేమోనన్న ఊహ ఆమెను తాకింది.

ఇంటికి వచ్చి యంత్రాన్నే అడిగింది.

"ఈ ఖౌస్వే ఎవరిది?"

"సన్యాసమ్మ గారిది," అంది రుచిలేఖిని తన మెత్తని గొంతుతో.

"అసలు హస్తముద్రతో ఎంతవరకు కలుస్తుంది?"

"నూటికి యాభై రెండు పాళ్ళు."

మందాకిని కుర్చీ లాక్కుని కూర్చుంది. తక్కిన నలభై ఎనిమిదీ ఎందుకు మార్చావని అడిగింది.

"మీ గిన్నెలో ప్రతిసారీ కొంత మిగులుతోంది. మిగిలినది నచ్చనిదిగా భావించాలన్నది నాకు ఇచ్చిన సూత్రం. అడుగున మిగిలేది ఎండురొయ్యల పొడి, శనగపిండి. వాటిని తగ్గిస్తూ వచ్చాను. ఇప్పటికీ మిగులుతోంది. ఇంకా తగ్గిస్తాను."

ఆ సూత్రం రాసింది మందాకినే. తినేవారు మొహమాటానికి బాగుందంటారు గాని గిన్నె అబద్ధం చెప్పదని అప్పట్లో ఆమె వాదించింది.

గిన్నె అడుగున ఎందుకు మిగులుతుందో ఆమెకు తెలుసు. సన్యాసమ్మ హోటల్లో చివరి గుక్క ఎవరూ తాగరు. రంగూన్ దారిలో నడవలేక ఆగిపోయినవాళ్ళకి అది. టీ గ్లాసులోనూ అంతే. వంటకంతో పాటు ఆ ఆచారమూ ఇళ్ళలోకి వచ్చింది. పిల్లలకు సైతం పెద్దవాళ్ళు నేర్పారు. వేల ఇళ్ళలో రోజూ భక్తిగా విడిచిన ఆ గుక్కను యంత్రాలు రోజూ తూకం వేశాయి, రోజూ ఒక రవ్వ తగ్గించాయి. థాయ్ సూప్‌లో నమలకుండా పక్కన పెట్టే నిమ్మగడ్డి ముక్కలకూ ఆ గతే పట్టి ఉంటుంది. రుచి ఎంత మెల్లగా జారిపోయిందంటే, ఎవరికీ ఏ ఒక్క పూటా తేడా తెలియలేదు. అందరి నాలుకలూ దానితోపాటే జారాయి, కానుక పెట్టె వంటే తింటూ వచ్చిన సన్యాసమ్మ నాలుకతో సహా.

సోమవారం ఉదయం మందాకిని ప్రయోగశాల నుంచి ఒక సీసా తెచ్చింది. హస్తముద్ర తీసుకున్న తొలినాడు సన్యాసమ్మ వండిన పులుసు అది. ద్రవ నైట్రోజన్‌లో తొమ్మిదేళ్ళు గడ్డకట్టి ఉంది. మేస్త్రి గునపం గోడకు ఆనించి నిలబడ్డాడు. మందాకిని పులుసు వేడిచేసి, ఏమీ చెప్పకుండా సన్యాసమ్మకు ఇచ్చింది.

ఆమె ఒక గుక్క తాగి కప్పు దించేసింది. "ఇది నాది కాదు. ఎవులో నీసు పట్టేటట్టు వండీసినారు."

"నీదే పిన్నీ. ఊరంతా నిన్ను మెచ్చుకున్న రోజుల్లోది."

సన్యాసమ్మ ఆ కప్పుకేసి చూసింది. గుర్తుపట్టలేకపోయింది. ఎదుటనున్నది తన బిడ్డేనని పదిమంది చెబుతున్నా పోలిక దొరకని తల్లిలా ఉంది ఆ చూపు. "మరైతే నాను నాలాగ ఉండీదాన్ని కాదా?" అంది తనలో తాను.

మందాకిని ఆ పాత పులుసు చుక్కనూ, ఆ ఉదయమే సన్యాసమ్మ పొయ్యి మీంచి దించిన పులుసు చుక్కనూ తాను తెచ్చిన, పులుసులోని అణువులను గీతగా గీసి చూపే స్పెక్ట్రోమీటర్‌లో ఒకదాని తర్వాత ఒకటి ఉంచింది. ఫలితం ఎదురు గోడమీద పడింది. మేస్త్రి దగ్గరికొచ్చి చూశాడు.

"ఒక గీతే అవుపిస్తంది కదమ్మా. రెండోది ఏది?"

"రెండూ అక్కడే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి," అంది మందాకిని.

తొమ్మిదేళ్ళలో సన్యాసమ్మ చేతి వంట వీసమెత్తు కూడా మారలేదు.