డ్రాగన్ సారీ చెప్పింది

గేమ్ కంపెనీలో చేరిన రోజే టెస్టర్ ఒక బగ్, అంటే ఆటలో దొరికిన తప్పు, రాసి పంపింది: ‘డ్రాగన్ నిప్పు కక్కే ముందు సారీ చెబుతోంది. ఎందుకు?’

గేమ్ డిజైనర్ కుర్చీతో సహా దొర్లుకుంటూ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

“అది బగ్ కాదండీ. అమ్మాయిల మోడ్. వాళ్లకి తేలిగ్గా ఉండాలని కత్తి బదులు గులాబీ రంగు గొడుగు ఇచ్చాం, చూశారా?”

“చూశాను. అబ్బాయిలు తల్లి కడుపులోనే ఆడటం నేర్చుకుని వస్తారా?”

“మా వంశంలో అంతేనండీ.”

“అయితే మీ వంశాన్ని తీసుకురండి. గేమ్ ఎప్పుడూ ముట్టుకోనివాళ్లు కావాలి. నేను మా అమ్మమ్మని తెస్తాను. అప్పటిదాకా సంతకం పెట్టను.”

టెస్టర్ సంతకం లేనిదే గేమ్ విడుదల కాదు. విడుదల శుక్రవారం. ఆ రోజు బుధవారం.

గురువారం డిజైనర్ తండ్రి వచ్చాడు. రిటైరైన పోలీస్ ఇన్‌స్పెక్టర్. మామూలు మోడ్‌లో మొదటి వంతెన మీంచి పదిహేడుసార్లు పడ్డాడు. పక్క కుర్చీలో అమ్మమ్మ కళ్లజోడు తుడుచుకుని, అదే మోడ్‌లో డ్రాగన్‌ని తోక పట్టుకుని ఈడ్చింది.

“గొడుగు తీసుకో నాయనా,” అంది. “సిగ్గెందుకు?”

తీసుకున్నాడు. డ్రాగన్ సారీ చెప్పింది. ఆయన ఆట ఆపి జేబురుమాలు తీశాడు.

“ముప్పై ఏళ్ల సర్వీసు. ఒక్కడూ నాకు సారీ చెప్పలేదురా.”

“నాన్నా, అది అమ్మాయిల మోడ్!”

“అయితే నేను అమ్మాయినే. అడ్డు తప్పుకో, తెర కనపడటం లేదు.”

ఆఫీసుకు తాళం వేయడానికి వచ్చిన వాచ్‌మన్ ఆయన వెనక నిలబడి, గొడుగు ఎలా తిప్పాలో అడిగాడు.

డిజైనర్ ఆ సాయంత్రమే ‘కొత్తవాళ్ల మోడ్’ అని పేరు మార్చాడు. గొడుగు తీసేయబోతే తండ్రి ఊరుకోలేదు. టెస్టర్ సంతకం పెట్టింది.

శుక్రవారం విడుదలయ్యాక ఆమెకు ఒక బగ్ వచ్చింది. పంపినది డిజైనర్.

‘టెస్టర్ బల్ల దగ్గరికి వెళితే డిజైనర్‌కి నోరు పెగలడం లేదు. కాఫీకి పిలవాలనుకున్న ప్రతిసారీ ఇదే వరస.’

ఆమె జవాబు రాసింది: ‘బగ్ కాదు. కొత్తవాళ్లకి మామూలే. తేలిక మోడ్‌లో మొదలుపెట్టండి.’

కుర్చీ దొర్లుకుంటూ వచ్చింది. బయట వాన. అతని చేతిలో గొడుగు ఉంది, గులాబీ రంగుదే.

“తేలిక మోడ్ అంటే ఎలాగండీ?”

“ముందు సారీ చెప్పండి. డ్రాగన్‌కి ఉన్న మర్యాద మీకు లేకపోతే ఎలా?”

“సారీ అండీ.”

“తర్వాత నిప్పు కక్కరుగా?”

“కక్కను.”

“అయితే పదండి.”

ఇద్దరూ గుమ్మం దాకా వెళ్లారు. నిన్నటి కుర్చీలోనే కూర్చుని ఆడుతున్న ఇన్‌స్పెక్టర్ తెర మీంచి తల తిప్పకుండా అన్నాడు:

“అమ్మాయీ, వాణ్ణి జాగ్రత్తగా చూసుకో. వంతెన దగ్గర పడిపోయే వంశం మాది.”