కంచె మేసిన పువ్వులు

“మీ గొర్రెలకు పువ్వుల గురించి ఏం తెలుసు?” అని నిరుడు, అరుదైన పువ్వుల మీద పరిశోధనకు దీవికి వచ్చిన ఊనా అడిగింది.

“తినడం తెలుసు మేడమ్. చలికాలం అవి గడ్డి మేయకపోతే, ఆ గడ్డే మీ పువ్వుల్ని మింగేస్తుంది,” అన్నాడు గొర్రెల కాపరి ఎర్లెండ్.

ఆమె వింటేగా. వెస్ట్రే దీవి అంచున, సముద్రం ఉప్పు చిమ్మే అతని పచ్చికలో గొర్రెలు రాకుండా పదడుగుల మేర కంచె కట్టించింది. లోపల ఊదారంగు ప్రిమ్‌రోజ్‌లు. చిటికెనవేలి గోరంత పువ్వు, నడుమ పసుపు కన్ను. మా ఉత్తరపు తీరాలు తప్ప ప్రపంచంలో మరో చోటు నచ్చని మొండిఘటాలు.

ఈ ఏడు మే నెలలో ఊనా మళ్లీ వచ్చింది. కంచె లోపల మూడే పూశాయి. తప్పు గాలిదంది. ఎర్లెండ్ మనసులో మాట చెప్పబోయి “మే... మే...” దగ్గరే ఆగిపోయాడు. తననే పిలిచాడనుకుని ఒక గొర్రె పరుగున వచ్చింది. మేడమ్ మాత్రం ఫెర్రీ ఎక్కేసింది.

ఇప్పుడు జూలై, రెండో పూత. పువ్వులు లెక్కపెట్టడం ఆమెకు ఇదే చివరిసారి. మూడింటి ఫెర్రీతో వెళ్తే ఇక దీవికి రాదు. ఎర్లెండ్‌కు కాలు నిలవడం లేదు. టోపీ తీస్తాడు, పెడతాడు, మళ్లీ తీస్తాడు. గాలి చేయాల్సిన పని కూడా తనే చేస్తున్నాడు.

ఊనా మోకాళ్లమీద పాకుతూ, లెక్కపెట్టిన ప్రతి మొక్క పక్కనా ఒక టూత్‌పిక్ గుచ్చుతోంది. కంచె బయట నలభై మూడు. లోపల మోకాలెత్తు గడ్డి. అక్కడ ఒక్క పుల్ల కూడా దిగలేదు.

“కంచే చేను మేసింది,” అంది చివరికి. “రిపోర్టులో అలాగే రాస్తాను. నీ గొర్రెలకు సారీ చెప్పు.”

“అవి పగబట్టవులే. నేనే...”

రేవులో ఫెర్రీ కూత పెట్టింది.

“ఏంటి, నువ్వే?”

“ఈ పువ్వు ఏడాదికి రెండుసార్లు పూస్తుంది. మేలో నాకు నోరు పెగల్లేదు.”

“మూడోసారి పూయదు. త్వరగా చెప్పు.”

“వెళ్లకు ఊనా.”

టోపీ ఎగిరి సముద్రంలో పడింది. అతను అటు చూడలేదు.

ఆమె కంచె గుంజను ఊపి, పెకలించి, అతని చేతిలో పెట్టింది. “చలికాలమంతా గొర్రెలు మేశాక ఇక్కడ మళ్లీ పూస్తాయో లేదో ఎవరో ఒకరు చూడాలిగా.”

“అంటే, మే దాకా ఉంటావా?”

“ఒక్క పూత చూసి ఏం తేలుస్తాం? రెండోది కూడా చూడాలి.”

“ఆ తర్వాత?”

“ఆ తర్వాత మళ్లీ మే వస్తుంది. ముందు ఈ రెండో గుంజ పట్టు, బరువుగా ఉంది.”