రెండూ నీలమే

నరసరాజు మూడు దేశాల గూఢచారుల కళ్ళుగప్పి బతికి బయటపడ్డవాడే కానీ, బజారుకు పంపితే ఒక్క వస్తువైనా చెప్పినట్టు తెచ్చిన పాపాన పోలేదు. ఇడ్లీ రవ్వ తెమ్మంటే బొంబాయి రవ్వ తెచ్చి, తేడా ఏముందని పొద్దుగూకేదాకా వాదించగలడు. అలాంటి మొగుణ్ణి ఫైబర్ సామాను కొనడానికి పంపిన హెడ్‌క్వార్టర్స్ తెలివికి ఏజెంట్ రవళి మనసులోనే ఒక దండం పెట్టింది.

పెట్టక చేసేదేముంది? ఆమె తమ్ముడు, ఏజెంట్ రాకేష్, విదేశీ ముఠా చేతికి చిక్కాడు. ముత్తంగి జంక్షన్ దగ్గర ఒక వేర్‌హౌస్ యార్డు నిండా ఒకేలాంటి తెల్ల కంటైనర్ లారీలు. వాటిలో ఒకదానిలో రాకేష్ ఉన్నాడు. సాయంత్రం గేటు తెరిస్తే అవన్నీ రింగ్ రోడ్డెక్కి తలోదిక్కుకూ పోతాయి.

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగిసింది.

"ముఠా లీడర్ వైపర్. రాకేష్ ఉన్న లారీ వాడే నడుపుతడు, మారువేషంల," అంది చీఫ్ కమలాకుమారి. "మొఖం సూడకు. చెవి సూడు."

"చెవా మేడమ్?"

"మీసం మారతది, ముక్కు మారతది. చెవి మార్చుకున్నోణ్ణి నేనింతదాక సూడలె. వాని చెవి ఫోటో మన దగ్గరుంది. సేఫ్ హౌస్ డాబా మీద కెమెరా, కింద మెషీన్. ఏ డ్రైవర్ చెవి కలిస్తే ఆ లారీ ఒక్కటే ఆపుతం. అన్నీ ఆపినమంటే రాకేష్ దక్కడు."

యార్డు చుట్టూ ముఠా జామర్లు పెట్టింది. వై-ఫై లేదు, మొబైల్ లేదు. కొత్తగా రాగి కేబుల్ వేస్తే వాళ్ళ డిటెక్టర్ పసిగడుతుంది. మెషీన్ డాబా ఎక్కాలంటే నలుగురు మోయాలి. ఇక మిగిలింది ఫైబర్. గోడలోని పైపులో వెంట్రుకంత గాజు పోగు ఒక్కటే పట్టింది. దానికి పైన ఒకటి, కింద ఒకటి మాడ్యూల్ బిగించాలి. కెమెరా బొమ్మను కాంతిగా మార్చి పోగులోంచి పంపే, అందుకునే చిటికెన వేలంత లోహపు ముక్క అది.

నరసరాజు తెచ్చాడు. స్పీడు సరిపోయింది. కనెక్టర్ సరిపోయింది. బిగించారు. డాబా మీద లైటు వెలగలేదు. కిందా వెలగలేదు.

రవళి రెండూ ఊడదీసి, కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. రెండిటికీ నీలం పిడులే. రెండిటి మీదా ఒకే రాత: పంపే కాంతి నంబరు 1270, అందుకునేది 1330.

"ఏందయ్యా ఇది? ఒక్క పోగు మీద పోవుడు, వచ్చుడు రెండూ ఉంటయి. ఇది పంపేది అది అందుకోవాలె. ఇవి రెండూ ఒకే తీర్ల మాట్లాడుతున్నయి. వినేటిదే లేదు."

"జత అంటే ఒక్కతీరుండద్దా? చెప్పుల లెక్క."

"చెప్పులే తెచ్చినవ్. రెండూ ఎడమకాలివి. షాపుల ఎవరూ చెప్పలేదా?"

నరసరాజు గోడ వైపు చూశాడు. "చెప్పింది. తనుశ్రీ."

తనుశ్రీ డబుల్ ఏజెంట్. నల్లద్దాలు, పట్టుచీర, రెండు పక్షాల జీతం. పటాన్‌చెరులో నెట్‌వర్క్ సామాను షాపు ఆమె ముసుగు.

"నీలం ఒకటి, ఎరుపు ఒకటి తీస్కో అన్నా, అని చెప్పింది. డబుల్ ఏజెంట్ ఎడమకు పొమ్మంటే కుడికి పోవాలని ట్రైనింగ్‌ల చెప్పిండ్రు గద. అందుకే రెండూ నీలం తెచ్చిన."

ఫ్యాక్టరీలు షిఫ్టు వదిలే వేళ పటాన్‌చెరు పోయి రావడం అయ్యే పని కాదు. రవళి డాబా ఎక్కి బైనాక్యులర్స్‌తో వెతికింది. వాన, టోపీలు, మఫ్లర్లు. ఒక్కో లారీ ఇంజన్ మొదలవుతోంది. తమ్ముడు ఏ డబ్బాలో ఉన్నాడో, ఉన్నాడో లేడో కూడా తెలియదు.

"పాత బట్టలకు స్టీలు గిన్నెలు..."

సేఫ్ హౌస్ గేటు దగ్గర నెత్తిన గంపతో ఒక ఆడమనిషి. రవళి కొంగు కింద పిస్టల్ పట్టుకుని కిందికి దిగింది.

"పాలల్ల నీళ్ళు కలిసినయా?"

"నీళ్ళల్లనే పాలు కలిసినయక్కా."

కోడ్ సరైనదే. కాకపోతే అది రెండు పక్షాలకూ తెలుసు. గంప దింపిన మనిషి తనుశ్రీ. టిఫిన్ డబ్బా మూత తీసి ఎరుపు పిడి ఉన్న మాడ్యూల్ చూపించింది.

"అన్న మొఖం జూసినప్పుడే అనుకున్న, నేను చెప్పినదానికి ఉల్టా చేస్తడని."

"ముట్టకు రవళీ, బాంబైతది," అన్నాడు నరసరాజు.

"నీకేం లాభం?" అడిగింది రవళి.

"రెండు జీతాలు రావాలంటే రెండు పక్షాలూ ఉండాలె గదక్కా. ఈసారి వాళ్ళు గెలిస్తే మీ పక్షమే ఉండది."

రవళి మాడ్యూల్ తిప్పి చదివింది. పంపేది 1330, అందుకునేది 1270. బాంబైనా సరే, నంబరు సరిపోయింది. నీలాల్లో ఒకటి పైన కెమెరాకు, ఈ ఎరుపుది కింది మెషీన్‌కు బిగించింది.

పచ్చ లైటు వెలిగింది.

అప్పటికే యార్డు గేటు తెరుచుకుంది. స్క్రీన్ మీద చెవులు వరసకట్టాయి. కాదు. కాదు. కాదు. లారీలు తగ్గిపోతున్నాయి. చివరి నుంచి రెండో లారీలో, తంబాకు నములుతున్న ముసలి డ్రైవర్ తల తిప్పి ఉమ్మాడు. మెషీన్ కూత పెట్టింది. రవళి పాత ల్యాండ్‌లైన్‌లో టోల్ గేటు దగ్గర కాపుకాసిన టీమ్‌కు బండి నంబరు చెప్పింది. టోల్ గేటు కర్ర సరిగ్గా ఆ లారీ అద్దం ముందు దిగింది. వైపర్ చేయి తుపాకీ దాకా పోయేలోపే టీమ్ క్యాబిన్ తలుపులు రెండూ లాగి తెరిచింది.

జామర్లు ఆగిపోయాక వైర్‌లెస్ సెట్‌లో రాకేష్ గొంతు వినిపించింది, బొంగురుగా.

"బావా, గింత సేపైందేందే? పానం పోయిందనుకున్న."

నరసరాజు వాన వైపు చూశాడు. కేబుల్ వైపు చూశాడు. తనుశ్రీ వైపు చూడబోయి మానుకున్నాడు. రవళి మైకును ఆయన నోటి దగ్గరికి జరిపింది. అటువైపు హెడ్‌క్వార్టర్స్ మొత్తం చెవులు రిక్కించి వింటోంది.

"తప్పు నాదే రాకేష్," అన్నాడు నరసరాజు. "ఆమె నిజమే చెప్పింది. నేనే వినలె."