రంపప్పొట్టు లేని వర్క్‌షాప్

"ఇక్కడ నిజంగా పని జరుగుతుందా, చూడ్డానికి పెట్టారా?"

వర్క్‌షాప్ తలుపు దగ్గర నిలబడ్డ ముని ఉలిక్కిపడ్డాడు. డిజైన్ కాలేజీలో చేరాలనుకునేవాళ్ళు వచ్చి చూసి వెళ్ళే రోజది. వాళ్ళని తిప్పి చూపించే డ్యూటీ రెండో సంవత్సరం చదువుతున్న అతని మీద పడింది. ఎవరితోనూ మాట్లాడడని క్లాసువాళ్ళు పెట్టిన పేరు ముని. పొద్దుటినుంచీ చేత్తో దారి చూపిస్తూనే నెట్టుకొచ్చాడు.

ఈ అమ్మాయి దగ్గర ఆ పప్పులుడకలేదు.

"జరుగుతుందండీ. అన్నీ లేటెస్ట్ మెషిన్లు."

"మరి రంపప్పొట్టు ఏది? మా నాన్న వడ్రంగి. మా షెడ్డులో ఎంత ఊడ్చినా సాయంత్రానికి పాదాలు మునిగిపోతాయి. ఇక్కడ నేలలో ముఖం కనిపిస్తోంది."

"ఊడ్చేవాళ్ళు శ్రద్ధగా ఊడుస్తారండీ."

"అబద్ధం చెప్పడం మీకు చేతకాదు. చెవులు ఎర్రబడ్డాయి."

బయట వాన అందుకుంది. ఆమె గొడుగు తెచ్చుకోలేదు. బెంచీ మీద కూర్చుని తన గోడు చెప్పుకుంది. రెండు కాలేజీల్లో సీటొచ్చింది. రెండోది రైల్లో ఆరు గంటల దూరం, రేకుల షెడ్లు, పాత పనిముట్లు, కానీ రోజంతా చేతిపనేనట. ఇంటికి దగ్గరని నాన్న దీనివైపే మొగ్గుతున్నాడు. రేపటికల్లా తేల్చాలి.

"మీరైతే ఎక్కడ చేరతారు?"

కాలేజీలో చేరాక అతని పక్కన ఇంతసేపు కూర్చున్న మనిషి లేదు. ఇక్కడే చేరమంటే రోజూ కనిపిస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇక్కడ వద్దండీ," అన్నాడు. "ఈ తలుపు వారానికి రెండు గంటలే తీస్తారు. కుర్చీలు చేద్దామని వచ్చాను. కంప్యూటర్లో వంద గీసుంటాను. ఒక్కదాని మీదా కూర్చోలేదు."

"మరి మీరెందుకున్నారు?"

"ఇంట్లో చెప్పే ధైర్యం లేక."

వాన వెలిశాక ఆమె అతని నంబరు తీసుకుని వెళ్ళిపోయింది. వారం తిరక్కుండానే రేకుల షెడ్ల కాలేజీలో చేరింది.

ఆదివారాలు ఫోన్ చేసేది. చెక్కని నున్నగా చిత్రిక పట్టడం వచ్చిందనీ, ఉలి జారి బొటనవేలు తెగిందనీ పండగలా చెప్పేది. వెనకాల ఎవరెవరో నవ్వుతూ వినిపించేవాళ్ళు. అతను "ఊఁ" అనేవాడు. ఫోన్ పెట్టేశాక హాస్టల్ గది మరీ పెద్దదిగా కనిపించేది.

కొన్నాళ్ళకి ఆ ఫోనూ ఆగిపోయింది. ఆమెకి స్నేహితులు దొరికారు, ఇక తనతో పనేముందనుకున్నాడు. నంబరు తీసి, చూసి, ఫోన్ జేబులో పెట్టుకునేవాడు. మెస్‌లో గోడవైపు తిరిగి తినేవాడు. సెలవు రోజుల్లో సాయంత్రానికి గానీ తన గొంతు తనకి వినిపించేది కాదు. దుకాణంలో, "సబ్బు ఇవ్వండి."

వెళ్ళమని తనే చెప్పాడు. అందులో తప్పేమీ కనిపించలేదు. అయినా గుండె బరువు దిగలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని, బస్సు మెకానిక్ అయిన నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పేశాడు. అవతల స్పానర్ కింద పెట్టిన చప్పుడు.

"రెండేళ్ళు పోతే పోయాయిలేరా," అన్నాడు నాన్న. "బతుకంతా పోగొట్టుకోకు. ఈ ముక్క మొదటి ఏడే చెప్పుంటే నేనేమైనా తినేసేవాణ్ణా?"

కొత్త సంవత్సరం అడ్మిషన్లలో ముని ఆ రేకుల షెడ్ల కాలేజీ గేటు దాటాడు. మూడో షెడ్డులో ఆమె వంగి కుర్చీ కాలు చెక్కుతోంది. తలెత్తి చూసింది.

"ఫస్టియర్‌లో చేరాను," అన్నాడు అతను.

"అంటే నేను మీకు సీనియర్‌ని." నవ్వబోయి ఆగింది. "ఒక్కసారైనా మీరు ఫోన్ చేస్తారేమో అని చూశాను. ఎప్పుడూ నేనే కదా చేసింది. మీకు విసుగేమో అనుకుని మానేశాను."

"నంబరు తీసేవాణ్ణి. నొక్కేవాణ్ణి కాదు," అన్నాడు అతను.

"ఇప్పుడు కుర్చీల కోసం వచ్చారా, నాకోసమా?"

"కుర్చీల కోసమని అప్లికేషన్‌లో రాశాను. రెండోది రాయడానికి అందులో చోటు లేదు."

ఆమె ఉలి బల్ల మీద పెట్టింది. "అయితే నోటితో చెప్పండి."

చెప్పాడు. ఈసారి చెవులు ఎర్రబడలేదు.