బ్రిడ్జి కింద ఎడమ తలుపు

రైలు బ్రిడ్జి కింద ఆ పల్లపు దారికున్న చెడ్డపేరు అంతా ఇంతా కాదు. ఎప్పుడో జోరువానలో అక్కడ ఓ కారు మునిగిపోయింది. డోర్లన్నీ లాకై బిగుసుకుపోయాయి. లోపలున్నాయన అద్దాలు బాది బాది... అలాగే పోయాడు. అప్పట్నించీ వాన రాత్రి అటు వెళితే ఎవరో కారు అద్దం మీద కొడతారనీ, తలుపు తీస్తే ఇక అంతేననీ చెప్పుకుంటారు. చూసినవాణ్ణి చూపించమంటే మాత్రం ఒక్కడూ దొరకడు.

లాకులన్నకి ఇదంతా నవ్వులాట. కార్ల డోర్ లాకులు బాగుచేసీ చేసీ ఆ పేరొచ్చింది అతనికి.

"దెయ్యమా పాడా! ఎక్కడో వైరు తెగుంటుంది" అనేవాడు.

ఓ వాన రాత్రి, అతను పనిచేసే మేస్త్రి షెడ్డులో అలాంటి కారే ఉంది. లాకులు వాటంతటవే పడిపోతున్నాయని ఎవరో వదిలి వెళ్ళారు. వెనక ఎడమ డోరు మీద అనుమానమొచ్చి, లోపలి అట్ట ఊడదీసి, లాకు మోటారు విప్పి బల్ల మీద పెట్టాడు. లాకుని లాగే కడ్డీ డోరులోనే వేలాడుతోంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. చెల్లెలు.

"అన్నయ్యా... నొప్పులొస్తున్నాయి. ఆయనేమో ఊళ్ళో లేరు..."

అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది ఆ పిల్లకి. నెలలు నిండేదాకా నిలిచింది ఈ ఒక్క బిడ్డే. లాకులన్న ఇంకేమీ ఆలోచించలేదు. విప్పిన డోరుని అలాగే ధడాలున మూసి, పనిముట్లు అక్కడే పడేసి, ఆ కారే వేసుకుని బయల్దేరాడు. కడ్డీ వదులైతే ఆ డోరు లోపల్నించి రాదని అందరికీ చెప్పే మనిషి, ఆ కంగారులో తనే మరిచిపోయాడు.

చెల్లెల్ని కుడివైపు నుంచి వెనక సీట్లో ఎక్కించుకున్నాడు. కుండపోత. ఆసుపత్రికి దగ్గరి దారి బ్రిడ్జి కిందనుంచే.

"అటొద్దు అన్నయ్యా..."

"ఊరుకోవే! ఇప్పుడా ఆ పిచ్చి కబుర్లు?"

సగం దాటారో లేదో, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. దూసుకొస్తున్న వరద నీళ్ళ తోపుడుకి కారు జరిగి జరిగి, కుడి డోర్లు రెండూ గోడకి అతుక్కుపోయాయి. అప్పుడు –

టక్!

లాకులన్నీ పడ్డాయి.

ముందు ఎడమ డోరు లాకు వేలితో పైకి లాగాడు. టక్. మళ్ళీ పడింది. మళ్ళీ లాగాడు... టక్. నాలుగోసారికి అది కదలనే లేదు. అద్దాలు దిగవు. ఫోనులో సిగ్నల్ లేదు. అద్దం పగలగొడదామంటే చేతిలో స్పానరైనా లేదు. మోచేత్తో బాదాడు, కాలితో తన్నాడు, పగిలితేనా!

నీళ్ళు సీటు దాకా వచ్చాయి.

వెనక సీట్లోకి దూకి, అట్ట లేని ఆ డోరులో చెయ్యి పెట్టి కడ్డీ కోసం తడిమాడు. ఎక్కడో అడుక్కి జారిపోయింది. అందలేదు.

"నా చేత్తో నేనే విప్పానే అమ్మలూ... నా చేత్తో నేనే..." బావురుమన్నాడు.

"అన్నయ్యా, నా బిడ్డ..." ఆమె పొట్టని రెండు చేతులతో పట్టుకుంది.

టక... టక... టక...

ఇద్దరూ బిగుసుకుపోయారు. లాకు కాదు. వెనక ఎడమ అద్దం మీద – బయట్నించి.

"ఎవరో ఉన్నారు..." చెల్లెలు గుసగుసగా అంది.

"అటు చూడకు."

టక... టక... టక...

ఇన్నాళ్ళూ నవ్విన నవ్వంతా లాకులన్న గొంతులో అడ్డంపడింది. భయమేసింది. అయినా చెల్లెలి ముఖం చూశాక ఆ భయం ఏ మూలకి? అద్దానికి నుదురు ఆనించి అరిచాడు.

"బాబూ! ఎవరివైనా సరే... తలుపు తియ్యి! నీకు దణ్ణం పెడతాను, తియ్యి!"

చప్పుడు ఆగిపోయింది.

అంతలో... డోరు లోపల చిన్నగా గుర్రుమని –

టక్.

రెండు కాళ్ళతో తన్నాడు. తలుపు తెరుచుకుంది. రొమ్ము లోతు నీళ్ళలో చెల్లెల్ని పొదివి పట్టుకుని ఎలా గట్టెక్కాడో అతనికే తెలీదు. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ లేరు. పైన ఆగిన లారీ డ్రైవరు ఇద్దర్నీ ఆసుపత్రిలో దించాడు. తెల్లారేసరికి పాప పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

మర్నాడు కారుని షెడ్డుకి లాక్కొచ్చారు. మేస్త్రి దాని చుట్టూ తిరిగి, "ఎలా బయటపడ్డార్రా?" అన్నాడు.

"వెనక ఎడమ డోరు మోటారు మేస్త్రీ. కంగారులో నేనే మళ్ళీ బిగించేసినట్టున్నాను, నీళ్ళకి షార్టై దానంతటదే తిరిగింది. టక్‌మంది, నా చెవులతో విన్నాను."

మేస్త్రి ఆ డోరులోకి వంగి చూశాడు. బల్ల వైపు చెయ్యి చూపించాడు.

పొడి గుడ్డ మీద, విప్పి పెట్టింది పెట్టినట్టే, మోటారు.

లాకులన్న ఇప్పుడు దెయ్యాల మాటొస్తే నవ్వడు. ఆ బ్రిడ్జి కింద ఎప్పుడు వెళ్ళినా కారు ఆపి, లాకులన్నీ కాసేపు తీసి ఉంచుతాడు. "పాపం, ఆయనకి ఎవరూ తియ్యలేదు" అంటాడు.

వెనక సీట్లో చెల్లెలు పాపని ఒళ్ళోకి లాక్కుని, ఎడమవైపు కాస్త చోటిచ్చి కూర్చుంటుంది.