రెండు రెక్కల పుస్తకం

పొద్దున్నే ఆరున్నరకి పుస్తకాలు కుట్టే బైండరు ముఖం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని కిటికీ పక్కన బల్ల ముందు కూర్చున్నాడంటే ఆ ఇంట్లో బడి మొదలైనట్టే. మాస్టారు ఆయనే. చదువుకునేది ఆయన ఒక్కగానొక్క కూతురు. మాస్టారికి ఇంగ్లీషులో సొంత పేరు రాసుకోవడం కూడా రాదు. చిన్నప్పుడు ఆ ఒక్క సబ్జెక్టే తప్పి చదువు మానేసిన మనిషి. అయినా ఏడాదిగా ఆ ఇంగ్లీషు బడికి ఒక్కరోజు సెలవు లేదు.

అది నడవడానికి కారణం ఆయన చేసిన పుస్తకం. హైస్కూలు పరీక్షకి కావలసిన సాహిత్య పదాలన్నీ ఉన్న గైడు ఒకటి తెచ్చాడు. ప్రతి ఆకుకీ ఒకవైపే అచ్చు, ఎడమ సగంలో ఇంగ్లీషు మాటలు, కుడి సగంలో తెలుగులో వాటి అర్థాలు. అర్థం కళ్లెదుటే ఉంటే బుర్రకి పనేముంటుందని కట్టు విప్పేసి, కాగితాలన్నీ నిట్టనిలువునా కోసి, మాటల్ని ఒక కుట్టుగా, అర్థాల్ని ఇంకో కుట్టుగా కుట్టి, రెండింటినీ ఒకే అట్టకి అతికించాడు. బల్లకి అటు కూర్చున్న కూతురు ఎడమ రెక్కలో మాట చదివి అర్థం చెబుతుంది. ఇటు కూర్చున్న తండ్రి కుడి రెక్క ఎత్తి పట్టుకుని, అదే వరసలో ఉన్న తెలుగు చూసి రైటో తప్పో తేలుస్తాడు. నలభై ఏళ్లుగా ఎవరెవరి పుస్తకాలో కుట్టిన చెయ్యి సొంత ఇంటికి కుట్టుకున్న పుస్తకం ఇదొక్కటే. వచ్చిపోయేవాళ్లందరికీ చూపించి మురిసిపోయేవాడు.

"ఇవాళ మార్కులొచ్చే రోజండీ. ఇవాళ కూడా ఎందుకు దాన్ని పీక్కుతినడం?" అంది భార్య వంటగదిలోంచి.

"మార్కులు పదింటికి. ఇప్పుడు ఆరున్నరేగా" అన్నాడు. "ఊఁ, ఏడో వరస."

"ఎలెజీ" అని చదివి అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. "ఉన్నదాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పడం."

"రైటు. ఎనిమిది?"

"ఎంపతీ." మళ్లీ ఆగింది. "మాటలతో కళ్లకి బొమ్మ కట్టించడం."

"అదీ రైటే. కానీ అమ్మడూ, ఈ మధ్య నువ్వు చెప్పేముందు ఆగుతున్నావు. ఇదివరకు టకటకా చెప్పేదానివి. పరీక్షలో ఇలా ఆగితే టైము చాలదు."

"సరే నాన్నా."

"రోగులకి సూది వేసేదానికి ఈ కవిత్వం గొడవంతా ఎందుకో" అంది భార్య, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ.

"ఇంగ్లీషు గట్టెక్కాలన్నది నర్సింగు స్కూలు వాళ్లు పెట్టిన షరతు. కావాలంటే వెళ్లి వాళ్లతో పోట్లాడు."

ఆవిడ పోట్లాడటానికి వెళ్లలేదు గానీ, ఆ షరతు ఆ ముగ్గురికీ గుండెల మీద కుంపటిలాగే ఉంది. మిగతా సబ్జెక్టులన్నీ అమ్మాయి మంచి మార్కులతో దాటేసింది. ఇంగ్లీషులో ముప్ఫయ్యైదు రావాలి. మొదటిసారి ఇరవై తొమ్మిది వచ్చాయి. అప్పుడే తండ్రి పుస్తకం కుట్టాడు. ఆర్నెల్లు పొద్దున్నపొద్దున్నే బట్టీ పట్టించాక రెండోసారి వచ్చినవి ఇరవై రెండు. పిల్ల భయపడిందనుకున్నాడు. ఇది మూడోసారి. నర్సింగు స్కూలు వాళ్లు సీటు ఈ నెల పదో తారీఖు దాకానే ఉంచుతామన్నారు. ఆ తర్వాత వయసు దాటిపోతుంది, ఇంక ఎన్ని మార్కులొచ్చినా అక్కరకి రావు.

పదింటికి అమ్మాయి ఫోను పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్లింది. వెనక్కి తిరిగినప్పుడు ముఖం చూసి తల్లికి అర్థమైపోయింది. తండ్రి మాత్రం నోటితో చెప్పేదాకా ఊరుకోలేదు.

"ఎంత?"

"ముప్ఫయ్యొకటి."

ఆయన లేచి కిటికీ మూసి మళ్లీ తెరిచాడు. బైండరుకి కోపం రావడం తక్కువ. వచ్చిందంటే అరుపులుండవు, మాటలు మెల్లగా, ఒక్కొక్కటే పడతాయి. అదే ఎక్కువ గుచ్చుకుంటుంది.

"నాలుగు మార్కులు. ఏడాది పాటు నేను తెల్లారకుండా లేచి కూర్చున్నాను. నాకు రాని భాష కోసం. నువ్వు లాండ్రీలో ఒక పూట బట్టల చీటీలు రాసొచ్చి అలిసిపోయానంటే సరేలే అనుకున్నాను. నీకు ఇష్టం లేకపోతే మొదట్లోనే చెప్పి ఉంటే పోయేది."

"ఇష్టం లేకపోవడమేంటి నాన్నా."

"మరి ఇంకేంటి? నా ముందు ఒక్కటి తప్పకుండా అప్పజెబుతావు. అక్కడికెళ్లి తప్పు రాస్తావు. అంటే ఇక్కడ నాకోసం నటిస్తున్నావన్నమాట."

అమ్మాయి తల ఎత్తి తండ్రి వైపు చూసి మళ్లీ దించుకుంది.

"చాల్లెండి. అది అసలే కుమిలిపోతుంటే" అంది తల్లి.

"నువ్వు వెనకేసుకు రాకు." పుస్తకం చంకలో పెట్టుకుని చెప్పులు వేసుకున్నాడు. "పక్కవాటా వాళ్ల పాప వచ్చే ఏడు ఇదే పరీక్ష రాస్తుందట. వాళ్ల నాన్న ఎన్నిసార్లడిగాడో. దీనికి ఎక్కని చదువు ఆ పిల్లకైనా ఎక్కుతుంది. ఇచ్చేసి వస్తాను."

అప్పటిదాకా నిలబడ్డచోటే ఉన్న అమ్మాయి గబగబా వచ్చి గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఆ పుస్తకం ఇవ్వకు నాన్నా."

"ఎందుకని? నువ్వు తప్పావు కాబట్టి ఇంకెవరూ పాసవకూడదా?"

"అది కాదు. ఇవ్వకు, అంతే."

"అంతే అంటే? అడ్డు లే."

"అందులో తప్పులున్నాయి నాన్నా." పుస్తకం అంచు పట్టుకుంది. "మధ్యలోంచి చివరిదాకా అన్నీ తప్పులే. ఆ పాప వాటిని బట్టీ పడితే నాకు పట్టిన గతే పడుతుంది."

బైండరు నవ్వాడు. ఆ నవ్వులో నవ్వేమీ లేదు. "అచ్చులో ఉన్నవి తప్పులా?"

ఈ మాట ఆ బల్ల దగ్గర ఎన్నిసార్లు అన్నాడో ఆయనకే తెలియదు. బడి పెట్టిన కొత్తల్లో అమ్మాయి ఎలెజీ అంటే చనిపోయినవాళ్ల కోసం రాసే శోకగీతమని చెప్పింది. కుడి రెక్కలో అలా లేదు. తప్పన్నాడు. స్కూల్లో టీచరు అలాగే చెప్పిందని అమ్మాయి గునిసింది. అచ్చులో ఉన్నదానికంటే మీ టీచరుకి ఎక్కువ తెలుసా అని, అతిశయంగా చెప్పడమని పదిసార్లు అనిపించాడు. అలా రోజుకి రెండో మూడో. కొన్నాళ్లకి అమ్మాయి ఎదురుచెప్పడం మానేసింది. పిల్ల దారిలో పడిందని ఆయన భార్యతో గొప్పగా చెప్పుకున్నాడు.

"అచ్చు తప్పు కాదు" అంది అమ్మాయి. "కుట్టు."

ఆయన చెప్పులు విడిచేసి బల్ల దగ్గరికి వచ్చాడు. పుస్తకం తెరిచి ఎడమ రెక్క ఆకులు లెక్కపెట్టాడు. నలభై ఎనిమిది. కుడి రెక్క లెక్కపెట్టాడు. నలభై ఏడు. చివర్లో మాటలున్న ఆకుకి అర్థాలున్న ఆకు లేదని మొదట్లోనే చూశాడు, ప్రెస్సువాళ్లు వేయడం మరిచిపోయుంటారని వాళ్లని తిట్టుకుని ఊరుకున్నాడు. ఇప్పుడు కుడి రెక్క మొదటినుంచి ఒక్కొక్క ఆకూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతూ వెళ్లాడు. పదిహేడో ఆకు దగ్గర వేళ్లు ఆగిపోయాయి. మందంగా ఉంది. రెండు ఆకులు ఒకటిగా అతుక్కుపోయాయి, అంచు కూడా తెలియనంత నున్నగా. జిగురు ఆయనదే, కలిపిన పాళ్లు ఆయనవే, పైన బరువు పెట్టి ఒక రాత్రంతా ఆరబెట్టిందీ ఆయనే.

అక్కడినుంచి చివరిదాకా అర్థాలన్నీ ఒక ఆకు ముందుకి జరిగి, ప్రతి మాట ఎదురుగా వేరే మాట అర్థం వచ్చి కూర్చుంది.

వేరేవాళ్ల పుస్తకాలు కుట్టేటప్పుడు ఆయన ఆకులు నలిపి చూడకుండా ఏ కట్టూ బయటికి పంపడు. తన బైండింగు దుకాణంలో ఎవరికి పని నేర్పినా మొదట నేర్పేది అదే. ఇంట్లో పుస్తకమని, తొందరగా పిల్లకి చూపించాలన్న సంబరంలో, ఈ ఒక్కదాన్ని నలిపి చూడలేదు.

"నీకెప్పుడు తెలిసింది?" ఆ ఆకు మీద వేలు తియ్యకుండా అడిగాడు.

"రెండోసారి తప్పాక. లాండ్రీకి బట్టలు వేసే టీచరమ్మ నా ప్రశ్నపత్రం చూసి, నేనేం రాశానో చెప్పమంది. చెబితే ఎవరు నేర్పారమ్మా నీకు ఇవి అంది."

"నువ్వేమన్నావు?"

"నేనే చదువుకున్నానన్నాను. ఆవిడ దగ్గర పుస్తకం తీసుకుని అన్నీ మళ్లీ నేర్చుకున్నాను. లాండ్రీలో ఎవరూ లేనప్పుడు."

"మరి పొద్దున్న నాకెందుకు పాతవే చెబుతూ వచ్చావు?"

తల్లి వచ్చి కూతురి భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడకీ ఇప్పటిదాకా ఏమీ తెలియదు.

"చెప్పవే తల్లీ" అంది.

"నాన్న బ్యాంకుకెళ్తే ఫారం నింపమని ఎవరో ఒకర్ని బతిమాలతాడు. దుకాణంలో ఇంగ్లీషు పుస్తకం వస్తే పేజీలు తలకిందులు కాకుండా పెట్టమని పక్కవాడిని అడుగుతాడు, వాళ్లు నవ్వుతారు. ఆ బల్ల దగ్గరొక్కచోటే నాన్న నిటారుగా కూర్చుంటాడమ్మా. రైటు అన్నప్పుడు ఆ ముఖం చూశావా? అది తీసేసుకోవడం నా వల్ల కాలేదు. ఆర్నెల్లేగా, రెండు రకాలూ గుర్తుపెట్టుకుందామనుకున్నాను. నాన్నకి ఒకటి, పరీక్షకి ఒకటి."

పొద్దున్న జవాబు ముందు పిల్ల ఎందుకు ఆగుతోందో బైండరుకి ఇప్పుడు తెలిసింది. తిట్టిన మాటలన్నీ వెనక్కి తిరిగొచ్చి ఆయన గుండెల్లోనే దిగబడ్డాయి.

"పరీక్షలో ఇందులోవి ఎన్నొచ్చాయి?"

"వదిలెయ్ నాన్నా."

"ఎన్నొచ్చాయో చెప్పు."

"ఏడు, ఒక్కోదానికి ఒక్కో మార్కు. ఐదు తప్పు రాశాను." కళ్లు తుడుచుకుంది. "ఐదూ నాకు తెలుసు. నిజంగా తెలుసు. పెన్ను కాగితం మీద పెట్టగానే నీ గొంతు రైటు అని వినిపించేది. చెయ్యి అదే రాసేసేది. బయటికొచ్చి మెట్లు దిగుతుంటే అసలువి గుర్తొచ్చాయి."

నాలుగు తక్కువయ్యాయి, ఐదు పోయాయి. ఆ లెక్కకి చదువు అక్కర్లేదు. బైండరు ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదలడం తప్ప చప్పుడు లేదు. పాతికేళ్ల కాపురంలో ఆయన ఏడవడం భార్య చూడలేదు. ఏం చెయ్యాలో తోచక, తాగకుండా వదిలేసిన టీ గ్లాసు తీసి లోపలికి పట్టుకెళ్లింది.

మధ్యాహ్నం ఆయన నర్సింగు స్కూలుకి వెళ్లొచ్చాడు. తప్పు తనదని, కావాలంటే పుస్తకం చూడమని కిటికీ అవతల ఉన్న గుమాస్తాకి చెప్పాడు. గుమాస్తా మంచివాడే, పూర్తిగా విన్నాడు. మార్కుల కాగితంలో ఎవరి తప్పో రాసే గడి లేదన్నాడు. రాలేనని అమ్మాయి చేత ఒక ఉత్తరం రాయించి పంపితే వరసలో ఉన్న ఇంకో పిల్లకి సీటు తొందరగా అందుతుందని కూడా అన్నాడు. ఉత్తరం ఇంగ్లీషులో ఉండాలట.

ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పాడు. అమ్మాయి తెల్లకాగితం తీసుకుని బల్ల దగ్గర కూర్చుంది. లాండ్రీలో రేపటినుంచి రెండు పూటలా రమ్మన్నారని తల్లికి చెబుతూనే రాయడం మొదలుపెట్టింది. ఎక్కడా కొట్టివేత లేదు. తండ్రి పక్కనే నిలబడి, కుదురైన ఆ అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చోవడం చూశాడు. ఒక్కటీ ఆయనకి తెలియదు.

"ఏం రాశావో చెప్పు" అన్నాడు.

"ఇంతకాలం నా కోసం సీటు ఆపినందుకు కృతజ్ఞతలు. ఇంగ్లీషు పరీక్షలో నేను నెగ్గలేకపోయాను. దయచేసి నా స్థానం వేరొకరికి ఇవ్వండి." చివర్లో సంతకం చేసింది. "అంతే నాన్నా."

"ఎందుకు తప్పావో రాయలేదా?"

"అది వాళ్లకెందుకు?"

ఆయన కాగితం చేతిలోకి తీసుకుని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాడు. దీన్ని సరిచూడటానికి ఆయన దగ్గర ఏ పుస్తకమూ లేదు.

"తప్పులేమైనా ఉన్నాయామ్మా?"

"లేవు నాన్నా. ఒక్కటీ లేదు."

బైండరు కాగితాన్ని జాగ్రత్తగా మడిచి కూతురి చేతికిచ్చి, ఆ చెయ్యి వదలకుండా పట్టుకుని, "రైటు" అన్నాడు.