పొదలో పిగిలిపిట్ట గూడు

"ఆ గూడు నాదండి. కాస్త జరగండి."

పోలవరం ఎగువన, పాపికొండల అడవిలో ఓ పొద ముందు వంగి చూస్తున్న సురేంద్ర వెనక్కి తిరిగాడు. ఫణిశ్రీ టేపు పట్టుకుని నిలబడి ఉంది.

"మీరే కట్టారాండి?" అన్నాడు నెమ్మదిగా.

ఫణిశ్రీకి ఒళ్ళు మండింది. ఇద్దరూ వేర్వేరు యూనివర్సిటీల రీసెర్చి స్కాలర్లు. ఆమెది మామూలు పిగిలిపిట్ట, అతనిది నెత్తిన కుచ్చున్న తురాయి పిగిలిపిట్ట. ఒకే అడవిలో ఒకే పళ్ళు తిని బతికే ఈ రెండూ ఎక్కడెక్కడ గూళ్ళు కట్టుకుంటాయో రాసుకోవడం వాళ్ళ పని. గుడ్లు చూసి పోల్చుకుందామంటే, రెండింటివీ ఎర్రచుక్కల గులాబి గుడ్లే. నెల రోజుల్లో ఇద్దరూ మాట్లాడుకున్నది తక్కువ, దెబ్బలాడుకున్నది ఎక్కువ.

"రేపటితో నా పర్మిషన్ అయిపోతుంది," అంది ఫణిశ్రీ. " ముప్పై గూళ్ళకి ఒక్కటే తక్కువ. ఇది రాసుకుని మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతాను."

"నడుమెత్తు కూడా లేదు. మీ పిట్టలు మీలాగే, ఎప్పుడూ పైనే ఉంటాయి కదండి. తల్లి రానివ్వండి, తేలిపోతుంది."

దూరంగా టేకు చెట్టు కింద కూర్చున్నారు. చినుకులు మొదలయ్యాయి. సురేంద్ర గొడుగు తెరిచి ఆమె నోట్‌బుక్ మీద పట్టాడు.

"మరి నేను?"

"మీరు తడిస్తే ఆరతారు. డేటా ఆరదండి."

నవ్వు ఆపుకోవడానికి ఫణిశ్రీ మాట మార్చింది. "మీదేవూరు?"

"అంతర్వేది దగ్గరండి. నాన్న వేటకెళ్తారు. చేపలు పట్టే ఇంట్లో పిట్టల పిచ్చోడు పుట్టాడని అమ్మ బెంగ. మీదో?"

"అంబాజీపేట. నాన్నగారు పురోహితులు. మీ పిట్టలకి ముహూర్తాలు ఎవరు పెడతారని నన్ను ఏడిపిస్తారు."

అంతలో తల్లి వచ్చి గూట్లో కూర్చుంది. నెత్తిన కుచ్చు నిక్కబొడుచుకుని ఉంది.

"మీదే. రాసుకోండి," అని ఫణిశ్రీ మొహం తిప్పుకుంది. కళ్ళలో తిరిగిన నీళ్ళు అతనికి కనపడనే కనపడ్డాయి.

సురేంద్ర పెన్ను తీయలేదు. "వాగు అవతల మద్దిచెట్టు మీద మీ పిట్ట గూడుందండి. నిన్ననే చూశాను."

"మరి పొద్దున్నే చెప్పలేదేం?"

"చెప్తే ముప్పై అయిపోతాయి." అతను గొడుగు పిడి వైపు చూస్తున్నాడు. "మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతారు. రేపు పొద్దున్న చెబుదామనుకున్నాను."

ఫణిశ్రీ చాలాసేపు అతన్ని కోపంగా చూడాలని ప్రయత్నించింది. కుదరలేదు.

వాగు దాటి గూడు ఎత్తు కొలిచారు. మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోయింది. ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

"మీ గూళ్ళు, నా గూళ్ళు కలిపి ఒకే పేపర్ రాద్దామా?" అంది ఫణిశ్రీ టేపు చుడుతూ. "కాకపోతే మా నాన్నగారితో మీరే మాట్లాడాలి."

"పేపర్ గురించాండి?"

"పేపర్‌తో మొదలెట్టండి."